రెప్ప కూలి

నా పేరు మెస్తావెత్. మా భాషలో అద్దమని అర్థం.
పన్నెండేళ్లు. వేళ్లు సన్నం. చూపు చురుకు.
అందుకే ఈ గొజ్జాం కొండమీది ఆడవాళ్లంతా
ఎండ ఏటవాలుగా ఉండగానే వచ్చి
నా ఒళ్లో తలవాలుస్తారు.

అందరి మెడలోనూ శిలువ, దాని పక్కనే
నల్ల దారానికి ఇనప పట్టకారు.
ఒకటి పై లోకానికి, ఒకటి ఈ పూటకి.

కంటికి రెప్ప కాపలా అనే మాట
మా కొండ మీద చెల్లదు.
ఇక్కడ రెప్పే లోపలికి మడుచుకుంటుంది,
వెంట్రుకలు ముళ్లై కనుగుడ్డు మీద తిరుగుతాయి.
రెప్ప వేసిన ప్రతిసారీ ఒక గీత.
కంచే చేను మేస్తుంటే
చేను ఎటు పారిపోతుంది?

పది వెంట్రుకలకి గుప్పెడు వేయించిన బార్లీ.
నెరిసినవైతే రెండు గుప్పెళ్లు,
అవి వెలుగులో కలిసిపోతాయి, దొరకవు.

యెంగుసె నాయనమ్మ దగ్గర కూలి తీసుకోను.
యాభై ఏళ్ల ఇంజెరా పొగ ఆమె కళ్లలో ఉంది.
కుడి కన్ను ఎప్పుడో గంజిలా పేరుకుపోయింది.
ఎడమ కంటితో నన్ను చూసి అంటుంది:
"నువ్వొస్తే గుమ్మంలో వెలుగు సన్నమవుతుంది,
అలా గుర్తుపడతాను."

అలెమ్‌నెవ్ తాతకి రెప్పలు బాగానే ఉన్నాయి.
ఊరికే వచ్చి కూర్చుంటాడు.
అరచేతిలో తెఫ్ గింజ కనపడుతుంది ఆయనకి,
పక్కనే నిలబడ్డ దూడ కనపడదు.
నీటికాసులు. అంచుల నించి తింటూ వచ్చింది.
"నొప్పైనా పెట్టలేదే" అంటాడు,
"చెప్పులు విప్పి వచ్చిన దొంగమ్మా అది."

నేతగాడు కిండే మాత్రం రెండేళ్లు పోట్లాడాడు,
నూలు వ్యాపారి పసుపు పట్టిన దారం అంటగడుతున్నాడని.
పట్నంలో శుక్లం తీయించుకుని వచ్చాక
తన మగ్గం మీది బట్ట చూసుకున్నాడు.
తెల్లగా ఉంది.
ఆ సాయంత్రమే ఒక కోడిని చంకన పెట్టుకుని
వ్యాపారి ఇంటికి నడిచాడు, నోరు విప్పకుండా.

వానలు వెలిశాక కంటి నర్సు హబ్తామ్ కంచరగాడిద మీద వచ్చాడు.
నా రెప్ప పట్టి బయటికి తిప్పాడు.
"లోపల తెఫ్ చల్లినట్టుంది" అన్నాడు.
అప్పుడే అడిగాడు, మెల్లగానే,
"ఎంతమంది కళ్లు తుడిచావు ఈ పైట కొంగుతో?"

అంతవరకూ నేను వెంట్రుకలే లెక్కపెట్టాను.

మందు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి.
గీతలున్న కర్ర పక్కన నిలబెట్టారు.
మూడు బిళ్లల గీత దగ్గర ఆగింది నా తల.
నాలుగో గీత కోసం మునివేళ్ల మీద లేస్తే
నెత్తిన ఒకటి మొట్టాడు.

నాయనమ్మ రెప్ప కోసి, బయటికి మళ్లించి, కుట్టాడు.
మర్నాడు కట్టు విప్పారు.
కుడి కంటికి వెలుగు రాలేదు. రాదని ముందే చెప్పాడు.
ఎడమ కన్ను ఉన్నంత చూపుతో నిలిచింది.
ఆమె రెప్పలార్పింది. మళ్లీ ఆర్పింది.
"ఇన్నేళ్లూ నా కంట్లో ఎవరో చీపురుతో ఊడ్చారు,
ఇప్పుడే పని మాని ఇంటికెళ్లారు" అంది.

ఇప్పటికీ వస్తారు, కత్తికి జడిసేవాళ్లు.
వాగు గంట నడక. ముందు నీళ్లు తెస్తాను,
చేతులు కడుక్కుంటాను, ఎవరి గుడ్డ వారికే.
కూలి సగానికి పడిపోయింది.
చిన్నపిల్లల మొహాల మీద ఈగలు వాలితే
తిట్టి మరీ కడుగుతున్నాను.

నాయనమ్మ తన పట్టకారు నాకే ఇచ్చేసింది.
చెయ్యి మాత్రం ఇంకా మెడ దగ్గర వెతుక్కుంటుంది.
నిన్న దాన్ని పట్టుకుని వాకిట్లో కూర్చుంటే
పొయ్యి దగ్గర్నించి అడిగింది:
"ఎవరి కంటిదే?"

"గాడిద కాలిది" అన్నాను,
ముల్లు ఎండకి ఎత్తి చూస్తూ.